సోమవారం మ్యాట్నీ లెక్క

ఆవులప్పను మొదటిసారి చూసినప్పుడు నాకు అతని మీద ఏ భావమూ కలగలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే వింతగా ఉంటుంది. 1976లో, బెంగుళూరు గాంధీనగర్‌లో మా సినిమా పంపిణీ ఆఫీసు మెట్ల మీద గొడుగు ఆనించుకుని నిలబడిన ఒక సన్నపాటి మనిషి. అంతే. తరువాత తొమ్మిదేళ్ళపాటు పళ్ళు తోముకుంటూ కూడా ఆ మనిషి గురించే ఆలోచిస్తానని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి.

అతనిది చింతామణి పక్కన పల్లె. ఎస్సెల్సీ తప్పాడు, అదీ లెక్కల్లో. బెంగుళూరు వచ్చి కెంపేగౌడ రోడ్డులో ఒక థియేటరు గేటు దగ్గర ఎనిమిదేళ్ళు టిక్కెట్లు చింపాడు. మా యజమాని గోపాలప్పగారు అతన్ని అక్కడే చూసి, మనిషి నమ్మకస్తుడని రిప్రజెంటేటివ్‌గా తెచ్చుకున్నారు. మా సినిమా ఆడే థియేటర్లో మా తరఫున ఉండి, ఆటకు ఎన్ని టిక్కెట్లు తెగాయో సరిచూసి, రోజూ ఒక కాగితం రాసి ఆఫీసుకు చేర్చడం అతని పని. ఆ కాగితాన్ని డి.సి.ఆర్. అనేవాళ్ళం. అవన్నీ చివరికి నా బల్ల మీదికే వచ్చేవి.

నేను కాటన్‌పేటలో పుట్టి పెరిగినవాణ్ణి. తాతల నాటి నూలు దుకాణం అన్న చేతికి పోయింది, నాకు చదువు మిగిలింది. గణితంలో బి.ఎస్సీ., ఫస్టు క్లాసు. కాలేజీలో మేష్టరుగా చేరవలసినవాణ్ణి సినిమా ఆఫీసులో ఎలా పడ్డానో అది వేరే కథ. సాయంత్రాలు కబ్బన్ పార్కులోని లైబ్రరీలో కూర్చునేవాణ్ణి. నవలలు చదివి చదివి విసుగెత్తిన ఒక వానాకాలంలో గణాంకశాస్త్రం పుస్తకం ఒకటి చేతికి తగిలింది. దాన్ని ఏడుసార్లు మళ్ళీ మళ్ళీ నా పేరు మీదే రాయించుకున్నాను.

సినిమా వ్యాపారం పందెం లాంటిదని అందరూ అంటారు. నాకు మాత్రం అది గుణశ్రేఢిలా కనబడింది. ఒక సినిమా మొదటి వారం ఇరవై వేల టిక్కెట్లు తెగి, రెండో వారం పదిహేను వేలకు దిగిందనుకోండి, అంటే ముప్పాతిక నిలిచినట్టు. మూడో వారం ఆ పదిహేనులో ముప్పాతిక. అలా తరుగుతూ తరుగుతూ పోతే మొత్తం ఎనభై వేల దగ్గర ఆగిపోతుంది. రెండో వారానికే సగం పడిపోతే నలభై వేలు దాటదు. ఆ తరుగుదల ఎంతో ఒక్కటి ముందుగా తెలిస్తే సినిమా జాతకమంతా తెలిసినట్టే. దాన్ని ముందుగా తెలుసుకోవడానికి మూడేళ్ళు కష్టపడ్డాను. హీరో ఎవరు, పాటలు ఎలా ఉన్నాయి, పండుగ ఉందా, పరీక్షలు ఉన్నాయా, వాన పడిందా, పక్క థియేటర్లో ఏముంది, టిక్కెట్టు ధర ఎంత అని ఏడు అంశాలు. నలభై ఒక్క సినిమాల పాత కాగితాలు దుమ్ము దులిపి, చేత్తో తిప్పే లెక్కల మిషను మీద వేళ్ళు కాయలు కాచేదాకా తిప్పి, ఒక సమీకరణం కట్టాను. నలభై ఒక్క సినిమాలకూ అది అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

గోపాలప్పగారు పొంగిపోయారు. వచ్చిన వాళ్ళందరికీ నన్ను చూపించేవారు. "మావాడు లెక్క వేస్తే బ్రహ్మ రాసినట్లేనప్పా. మద్రాసులో కూడా ఇట్లాంటోడు లేడు." పదకొండింటికి ఎదురు హోటల్ నుంచి కాఫీ వచ్చేది, బై-టు. ఒక కప్పును రెండు చేసి, సగం ఆయనకు, సగం నాకు. ఆయన బల్ల ముందు కూర్చుని ఆ సగం కాఫీ తాగిన రోజుల్లో నాకు జీతం పెంచమని అడగాలని కూడా తోచలేదు.

నలభై రెండో సినిమాకు సమీకరణం తప్పింది. నలభై మూడోది సరిపోయింది, నలభై నాలుగు తప్పింది. ఏవో గుణకాలు మార్చాను, ఎనిమిదో అంశంగా కథానాయికను చేర్చాను. అప్పుడే ఒక సోమవారం డి.సి.ఆర్. అడుగున ఎడమ మూల పెన్సిలుతో రాసిన అంకె కనబడింది. నాలుగు. ఏదో గీత అనుకుని వదిలేశాను. ఆ సినిమా నాలుగు వారాలు ఆడి పోయింది. మరో సినిమాకు మూల తొమ్మిది అని ఉంది. తొమ్మిది వారాలు ఆడింది.

నాకంటే ముందు గోపాలప్పగారే పసిగట్టారు. నా ఎదుటే అతన్ని పిలిచారు.

"ఇదేమిదప్పా ఆవులప్పా, మూలలో గీకినావు?"

"ఏం లేదయ్యా. బొమ్మ ఎన్ని వారాలు ఆడతాదో నా గుర్తుకు రాసుకున్నా. తప్పైతే వద్దు."

"తప్పు కాదులే. ఎట్ల చెప్తావు?"

"చూస్తే తెలుస్తాది గదయ్యా."

చూస్తే తెలుస్తాది! ఆ మాట నా గొంతులో చేపముల్లులా దిగింది. మూడేళ్ళు మిషను తిప్పినవాడికి తెలియనిది గేటు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుందట.

గోపాలప్పగారు అడగవలసిన తరువాతి ప్రశ్న, 'ఏం చూస్తావు?' అన్నది, అడగలేదు. ఆయనకు అంకె కావాలి, అది ఎక్కణ్ణించి వస్తే ఏం? నేను అడగవచ్చు. అడిగితే అతను చెప్పేవాడే. కానీ అడగడమంటే ఒప్పుకోవడం. రెండేళ్ళపాటు నేను అడగలేదు. దానికి బదులు నా డైరీ వెనకపేజీలో రెండు నిలువు గళ్ళు గీసి అతని తప్పొప్పులూ నావీ రాసుకుంటూ వచ్చాను. పంతొమ్మిది సినిమాల్లో అతను మూడు తప్పాడు. నేను పదకొండు. అతను తప్పిన మూడుసార్లూ నేను ఇంటికి జిలేబీ తీసుకెళ్ళాను. మా ఆవిడ వెంకటలక్ష్మి ఏమిటి విశేషమని అడిగితే ఊరికే అన్నాను.

కాఫీ కూడా మెల్లగా అటు జరిగింది. మొదట ఒక కప్పును మూడు చేశారు. తరువాత నేను బల్ల దగ్గర పనిలో ఉన్నానని మళ్ళీ రెండే చేశారు. సోమవారం సాయంత్రం అయ్యేసరికి గోపాలప్పగారు నా గ్రాఫు కాగితాలకేసి చూడకుండా, "ఆవులప్ప వచ్చినాడా?" అని వాకిలి వైపు చూసేవారు. ఇంత జరుగుతున్నా ఆ మనిషి గొప్పలు పోలేదు. పోయి ఉంటే ద్వేషించడం సులువయ్యేది. నన్ను చూస్తే గొడుగు చంకలోకి మార్చి "సార్, మీరు చదువుకున్నోరు" అనేవాడు. అందులో ఎత్తిపొడుపు కోసం ఎంత వెతికినా దొరికేది కాదు.

మా మేనేజరు చిక్కమునియప్పకు కళ్ళు మసకలు కమ్మాయి. వచ్చే ఉగాదికి విశ్రాంతి తీసుకుంటానన్నాడు. 1979 జనవరిలో గోపాలప్పగారు అందరి ముందూ అన్నారు: "ఉగాదికి ఆ కుర్చీ ఖాళీ అవుతాది. లెక్క ఎవురికి తెలుసునో వాళ్ళే కూర్చుంటారు." ఎవరి వైపూ చూడకుండా అన్నారు. నా వైపు చూడకపోవడమే నాకు వినబడింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు నాకప్పుడు. ఆ కుర్చీ నాకు దక్కకపోతే, ఎస్సెల్సీ తప్పినవాడికి నమస్కారం పెట్టి డి.సి.ఆర్.లు అందించాలి. అదొక్కటే తల్లో తిరిగేది.

ఆ తరువాతి సోమవారమే తలనొప్పి అని చెప్పి ఆఫీసు నుంచి బయటపడి మ్యాట్నీ వేళకు థియేటరు ఎదురుగా ఒక బట్టల కొట్టు నీడలో నిలబడ్డాను. ఆవులప్ప గేటు పక్కన గొడుగు ఆనించుకుని నిలబడ్డాడు. చూపంతా ఆడవాళ్ళ కౌంటరు వైపు ఉంది. అక్కడ ఆడవాళ్ళ వరస నిలిచి ఉంది. చేతిలో చిన్న పుస్తకం, అప్పుడప్పుడూ ఒక గీత. అరగంట చూశాను. నాకు చాలనిపించింది. సోమవారం మ్యాట్నీకి ఆడవాళ్ళ కౌంటర్లో ఎన్ని టిక్కెట్లు తెగాయో అదే అతని గుట్టు! ఇంత చిన్న విషయం. నిజమే, మొదటి మూడు రోజులూ హీరో మీద పిచ్చితో మగవాళ్ళు వస్తారు. సోమవారం పగటి ఆటకు ఆడవాళ్ళు వచ్చారంటే సినిమా నిలుస్తుంది.

ఆ కౌంటరు టిక్కెట్ల వరుస నంబర్లు డి.సి.ఆర్.లో విడిగానే ఉంటాయి. ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందే ఉన్నాయి. పాత కాగితాలు తీసి పద్నాలుగు సినిమాలకు లెక్క కట్టాను. ముప్ఫై టిక్కెట్లకు ఒక వారం. గ్రాఫు మీద చుక్కలు గీత పక్కన బుద్ధిగా కూర్చున్నాయి. నా ఎనిమిది అంశాలనూ చించి పారేశాను. అతనిది గుడ్డిలెక్క, నాది సిద్ధాంతం. నేను దీన్ని రుజువుతో చూపించగలను, అతను చూపించలేడు. దొంగిలించానన్న మాట మనసులోకి రాలేదు. వచ్చి ఉంటే, కనుక్కున్నానని దానికి పేరు మార్చేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒక పెద్ద హీరో సినిమా కొన్నాం. శుక్రవారం థియేటరు ముందు లాఠీలు ఆడించవలసి వచ్చింది. శని, ఆది కూడా అంతే. థియేటరు వాళ్ళకు మరో సినిమా అడుగుతున్న వాళ్ళు ఉన్నారు. మాకు కబురు చేశారు: మంగళవారం మధ్యాహ్నం లోగా ఎనిమిది వారాలకు అద్దె రాసిస్తే మాకే, లేకపోతే వారం వారం చూసుకుని ఎప్పుడైనా తీసేస్తామని. రాసిచ్చాక సినిమా ఆడినా ఆడకపోయినా అద్దె మాదే.

సోమవారం సాయంత్రం ఆవులప్ప వచ్చి డి.సి.ఆర్. నా చేతిలో పెట్టాడు. చెల్లెలి కొడుక్కు పేరు పెడుతున్నారు, చింతామణి బస్సుకు వేళైందన్నాడు.

"అయ్యకు చెప్పండి సార్. ఎల్లుండి వచ్చేస్తాను. మూల రాసి ఉండాను."

అతను మెట్లు దిగాక కాగితం తిప్పి చూశాను. మూడు.

ఆడవాళ్ళ కౌంటరు నంబర్లు చూశాను. రెండు వందల నలభై టిక్కెట్లు. ఎనిమిది వారాలు. అతను తప్పాడు! సొంత లెక్కనే తప్పుగా కట్టాడు! ఊరి తొందరలో ఉన్నాడు, లెక్కల్లో తప్పినవాడు, భాగహారం చేసి ఉండడు. రేపు నేను ఎనిమిది అంటాను, కాగితం మూడు అంటుంది, గోపాలప్పగారు మూడునే నమ్ముతారు. ఎనిమిది వారాలు ఆడే సినిమా చేజారిపోతుంది. నష్టం తప్పించడానికే అనుకుంటూ సొరుగులోంచి రబ్బరు తీశాను. ఆ అంకె నాలుగు రుద్దులకే పోయింది.

ఎనిమిది నిజమని నేను నమ్మాను. ఇన్నేళ్ళకు నన్ను నేను అడిగేది ఒకటే. అంత నమ్మకం ఉన్నవాడు మూడును అక్కడే ఉండనిచ్చి, ఆడిన తరువాత నవ్వవచ్చు కదా?

మంగళవారం గోపాలప్పగారు ముందుగా మూలే చూశారు.

"ఏమి, ఈసారి రాయలేదా?"

"ఊరికి పోయే తొందర సార్. మర్చిపోయినట్లుండాడు."

"అయ్యో! ఇప్పుడు ఎట్లరా శ్రీనివాసులూ?"

గ్రాఫు పరిచాను. చుక్కలు చూపించాను, గీత చూపించాను. ఆడవాళ్ళు, సోమవారం, ముప్ఫైకి ఒక వారం. ఆయనకు ఈసారి అర్థమైంది. బల్ల మీద చేత్తో చరిచి, "ఇది గదా లెక్క! ఇన్ని రోజులు ఎక్కడ దాచిపెట్టినావు?" అన్నారు. పదకొండు గంటల కాఫీని రెండు చేసి నాకు సగం ఇచ్చారు. పన్నెండుకు ఒప్పందం మీద సంతకం పెట్టారు.

రెండో వారం టిక్కెట్లు సగానికి పడ్డాయి. మూడో వారం ఆ సగంలో సగం. నాలుగో వారం మ్యాట్నీకి బాల్కనీలో పదకొండు మంది ఉన్నారని కాగితం వచ్చింది. ఇంకా నాలుగు వారాల అద్దె కట్టాలి. గోపాలప్పగారు మా ఇద్దర్నీ పిలిచారు.

"ఏమప్పా ఆవులప్పా, నువ్వా రోజు అంకె రాసి పోయుంటే ఈ గతి పట్టుండునా?"

ఆవులప్ప తెల్లబోయాడు. "రాసినా గదయ్యా. మూడని రాసినా. మీరు ఎనిమిదికి ఒప్పుకున్నారంటే, పెద్దోళ్ళు ఏదో యోచన చేసి ఉంటారులే అనుకున్నా."

"రాయలేదప్పా. నేనే చూసినా."

"లేదయ్యా, రాసినా."

అని గొడుగు గోడకు ఆనించి, చంకన ఉన్న డి.సి.ఆర్. పుస్తకం తీసి వెనక్కు తిప్పసాగాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ పుస్తకంలో మూడు కాగితాలకొక లెక్క. మధ్య కార్బన్లు పెట్టి ఒత్తి రాస్తారు. మొదటిది మాకు, రెండోది థియేటరుకు, మూడోది పుస్తకంలోనే ఉండిపోతుంది. పదిహేనేళ్ళుగా ఆ మొదటి కాగితాలు అందుకుంటున్నవాణ్ణి. కింద ఇంకో రెండు ఉంటాయన్నది కుర్చీలో కూర్చున్నవాడికి స్ఫురించలేదు. ఆవులప్ప పుస్తకం గోపాలప్పగారి ముందు పెట్టాడు. ఎడమ మూల కార్బన్ నీలంలో మూడు చక్కగా ఉంది.

గోపాలప్పగారు నన్ను ఫైలు తెమ్మన్నారు. తెచ్చాను. మొదటి కాగితం మూల మీద బొటనవేలితో నిమిరారు. రబ్బరు రుద్దిన చోట కాగితం నూగు లేచి ఉంది. ఆయన నన్ను తిట్టలేదు. మొహం కూడా చూడలేదు.

"ఆవులప్పా, ఉగాదికి ఆ కుర్చీలో నువ్వే కూర్చోవాల."

"వద్దయ్యా."

"ఏమిటికి వద్దు?"

"గేటు దగ్గర నిలబడితేనే నాకు ఏదైనా తెలిసేది. ఇక్కడ కూర్చుంటే నేనూ కాగితాలు చూసేవాణ్ణే గదా. శ్రీనివాసులు సార్‌కే ఇవ్వండి. ఉత్తరాలు బాగా రాస్తారు."

తిట్టి ఉంటే బాగుండేది. కడుపు మండి ఇవ్వవద్దని ఉంటే ఇంకా బాగుండేది. ఉగాదికి ఆ కుర్చీ నాకే వచ్చింది. గోపాలప్పగారికి వేరే గతి లేదు. ఆయన అన్నది ఒకటే: "నీకు కూడికలు తప్పు రావు. అంతవరకు చూసుకో." కోరినది చేతికొచ్చింది, కానీ పంక్తిలో పక్కవాడు వద్దని తోసిన విస్తరి ముందు కూర్చున్నట్టు వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెబితే వెంకటలక్ష్మి చేస్తున్న పని ఆపి అడిగింది: "ఏం, ఆవులప్పన్న వద్దన్నాడా?"

"నీకెట్ల తెలుసు ఆవులప్ప?"

"ఎట్ల తెలుసంటే? సోమవారం సోమవారం గేటు దగ్గర చూస్తానే ఉంటాను గదా. కాటన్‌పేట వాళ్ళు వచ్చినారా అని పలకరిస్తాడు. ఆ కుర్చీ ఆయనకేనని గేటు దగ్గర అందరూ అనుకుంటా ఉండిరి."

మా ఆవిడ సోమవారం మ్యాట్నీలకు పోతుందని నాకు తెలుసు. ఏ సినిమాకు, ఎవరితో అని అడిగిన గుర్తు లేదు. ఆ రోజు అడిగాను.

"మా వీధోళ్ళమే. ఆదివారం కొళాయి దగ్గర తీర్మానం చేసుకుంటాము. శాంతమ్మ చూసొచ్చి బాగుండాది అంటే ఎనిమిది మందిమి పోతాము. లేదంటే లేదు."

"మొన్న మన పెద్ద బొమ్మకు పోయినారా?"

"దానికా? కత్తులు, రక్తం అన్నారు. పక్క థియేటరుకు పోయినాము. అయితే మీ బొమ్మకు టిక్కెట్లు తీసినాను, నాలుగు."

"పోకుండా టిక్కెట్లేమిటికి?"

"మొగోళ్ళ వరస రోడ్డు దాకా ఉండె. పాపం, ఎవరో పిల్లగాళ్ళు, అక్కా అక్కా ఆడోళ్ళ కౌంటర్లో తీసియ్యండి అని బతిమాలుకున్నారు. మనిషికి నాలుగిస్తారు. నేను నాలుగు, పక్కింటామె నాలుగు, అందరమూ తీసిచ్చి మా దోవన మేము పోతిమి. నాకు మల్లెపూలు కొనిచ్చినారు." అని నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. "ఏమైంది? తప్పా?"

రెండు వందల నలభైలో నాలుగు నా భార్యవి! ఆ నాలుగు మీదా ఎక్కి కూర్చున్నది ఎవరో గడ్డాల కుర్రాళ్ళు. నా గ్రాఫు మీద వాళ్ళందరూ చీరలు కట్టుకుని ఉన్నారు.

తరువాతి సోమవారం మ్యాట్నీకి మేనేజరు హోదాలో థియేటరుకు పోయాను. ఇన్నాళ్ళుగా అడగనిది అడిగాను. "ఆవులప్పా, ఏం చూస్తావు నువ్వు?"

"ఇంతదాకా అడగలేదేమి సార్?" అని ఆనందపడ్డాడు. "గుంపులు చూస్తాను. ఒక వీధి ఆడోళ్ళందరూ కలిసి వచ్చినారంటే అది ఒక గుంపు. నలుగురైనా ఒకటే, పదిమందైనా ఒకటే. రెండు గుంపులకు ఒక వారం. ఒక్కొక్కరే వచ్చేవాళ్ళను లెక్క పెట్టను. వాళ్ళు వాళ్ళ ఇష్టానికి వస్తారు. గుంపు వచ్చిందంటే ఆ వీధిలో మాట నడిచిందని."

"అంతేనా?"

"అంతే సార్. ఇదేమన్నా శాస్త్రమా? నిలబడండి, మీరూ చూడండి."

నిలబడ్డాను. నా పుస్తకంలో నేనూ గీతలు గీశాను. గంట మోగి గేటు మూశాక చూసుకుంటే నాకు పదకొండు గుంపులు. అతనికి ఆరు.

"పదకొండు ఎట్ల వచ్చె సార్? ఆ పచ్చచీరామె, వెనక ముగ్గురూ ఒకటి కాదు. గేటు దగ్గర కలిసినారు. ఒకరి సంచీ ఒకరు పట్టుకోలేదు చూడండి. అక్కడ ఆరుమంది, మధ్యలో దూరంగా నడిచిరి, అయినా ఒకటే. ముందరామె తిరిగి చూసి నిలబడె గదా, వెనకామె చెప్పు తెగిందని?"

నేను చెప్పు చూడలేదు. మరో రెండు సోమవారాలు నిలబడ్డాను. తొమ్మిదికి అయిదు. పద్నాలుగుకు పది. ప్రతిసారీ అతను ఓపిగ్గా చెప్పాడు, ప్రతిసారీ చెప్పాక నాకు కనబడింది, చెప్పకముందు కనబడలేదు. నాలుగో సోమవారం పని ఉందని పోలేదు. గుట్టు మొత్తం నా చేతిలో పెట్టినా నాకు పనికి రాలేదు. అంతవరకూ అతని విద్య మీద అసూయ ఉండేది, నేర్చుకోగల దాని మీద పడే అసూయ. ఆ తరువాత అది అతని కళ్ళ మీదికి పోయింది. దానికి మందు లేదు.

అయిదేళ్ళు అలా నడిచింది. అతను అంకె రాసేవాడు, నేను దాన్ని మొదటి వారం టిక్కెట్లతో కలిపి, శ్రేఢి కట్టి, మొత్తం ఎంత వస్తుందో టైపు చేయించి కింద సంతకం పెట్టేవాణ్ణి. మద్రాసు వాళ్ళు నా ఉత్తరాలు మెచ్చుకునేవారు. గోపాలప్పగారు అది విని నా వైపు ఒకసారి చూసి ఊరుకునేవారు.

1984 నాటికి కాటన్‌పేటలో వీడియోలు వచ్చాయి. ఇంటికి రూపాయి, రెండు రూపాయలు వేసుకుని ఒక రోజుకు అద్దెకు తెచ్చుకునేవారు. ఆవులప్ప అంకెలు తప్పడం మొదలైంది. నా డైరీ గళ్ళు మళ్ళీ తెరిచాను. అయిదింటిలో నాలుగు తప్పాడు. ఆ నెల నేను బాగా నిద్రపోయానని చెప్పడానికి సిగ్గుపడవలసిందే, కానీ పోయాను. ఇక కుమిలిపోతాడు, సాకులు చెబుతాడు, నా దగ్గరికి వచ్చి ఏదైనా అంశం చేర్చమంటాడని ఎదురుచూశాను.

అతను గోపాలప్పగారి గదిలోకి పోయి గొడుగు ఆనించి నిలబడి చెప్పాడు: "ఇంక నా మాట నమ్మొద్దయ్యా. వీధి ఆడోళ్ళు వీడియో ఉండే ఇంట్లో కూడతా ఉండారు. గేటు దగ్గరికి వచ్చినోళ్ళను చూసి నేనేం చెప్పేది? నాకు తెలీదు."

"ఇంకేదన్నా చూసి చెప్పవచ్చు గదప్పా?"

"నాకు తెలీదయ్యా."

చిన్నమాటే. అప్పు తీర్చినవాడి గొంతులా ఉంది. నేను ఆ ఆఫీసులో ఉన్నంత కాలమూ అలా అనలేకపోయాను. పాత ఎనిమిది అంశాలనూ మళ్ళీ రాసుకుని, వీడియోను తొమ్మిదో అంశంగా, టీవీని పదో అంశంగా పెట్టి మళ్ళీ మిషను తిప్పాను. గోపాలప్పగారు పోయి, ఆయన అల్లుడు వ్యాపారం మూసేసేదాకా తిప్పుతూనే ఉన్నాను. ఎన్ని ఒప్పో ఎన్ని తప్పో డైరీలో రాసుకోవడం మానేశాను, పోల్చుకునే రెండో గడి ఖాళీ అయిపోయింది గనుక.

1985లో అతను ఉద్యోగం మాని యలహంకలో సైకిలు స్టాండు పెట్టుకున్నాడు. 1988లో ఒకసారి అటు పోయినప్పుడు వెతుక్కుంటూ వెళ్ళాను. తాటాకు పందిరి కింద స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. భార్య పార్వతమ్మ పక్కనే చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచి, స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు.

"ఆఫీసెట్ల ఉండాది సార్? ఇంకా లెక్కలు వేస్తా ఉండారా?"

వేస్తున్నానన్నాను. సినిమాలు చూస్తున్నావా అని అడిగితే లేదన్నాడు. ఎదురుగా రోడ్డు మీద వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ. ఇతను ఇక్కడ కూర్చుని ఏం చూస్తాడు, దేన్ని లెక్కపెడతాడు అని నాకు ఆత్రం. కొత్త గుట్టు ఏదో కనిపెట్టే ఉంటాడని, అది నాకు తెలియకుండా జరిగిపోతోందని. చివరికి అడిగేశాను.

"ఏం లెక్కపెట్టను సార్. సుమ్మనే, ఊరికే కూర్చుంటాను. సైకిళ్ళు మాత్రం సాయంత్రానికి సరిపోవాల."

పార్వతమ్మ నవ్వింది. "అదీ నేనే చూసుకునేది సామీ. ఈయప్ప నిద్రపోతాడు."

మజ్జిగ ఇచ్చారు. తాగాను. అబద్ధం చెబుతున్నాడేమోనని అతని కళ్ళకేసి చూశాను. ఆ కళ్ళు రోడ్డు మీద ఉన్నాయి, దేని మీదా ఆగి లేవు. నిజంగానే వదిలేశాడు. ఊళ్ళోకి పోయే మెజెస్టిక్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరు టిక్కెట్లు చింపుతూ వెనక నుంచి ముందుకు వస్తున్నాడు. దారిలో హెబ్బాళ దాటేసరికి ముప్ఫై నాలుగు తెగాయి.